తాలుకాయ

ఏటుకూరు రోడ్డులో కోల్డు స్టోరేజీ వెనక రేకుల షెడ్డు.
పొద్దున ఏడింటికి కూచుంటే దీపాలు పెట్టేదాకా
తొడిమలు తుంచుతాం పదకొండుమందిమి.
తేజా రకం. ముక్కుకి గుడ్డ కట్టుకున్నా
తుమ్ము ఎవరి మాటా వినదు.

కొత్తగా చేరిన పిల్లకి
మొదటిరోజు చెప్పేది ఒకటే:
ఆ చేత్తో కన్ను ముట్టుకోకు.
చెప్తాం గానీ వినరు. ఒక్కసారి ముట్టుకుంటారు.
ఆ తర్వాత చెప్పక్కర్లేదు.

ఫోను సంగతి నాకూ అలాగే తెలిసింది.

మేస్త్రీ కూలి చేతికివ్వడం మానేశాక
శనివారం సందెవేళ అందరి ఫోన్లూ ఒక్కసారే కూస్తాయి.
బ్యాంకులో మాత్రం నా బొటనవేలిని మిషను పోల్చుకోదు,
ఇరవై ఏళ్ళ కారం గీతలన్నీ తినేసింది.
"మీరు మీరేనా అమ్మా?" అంటాడు గాజు వెనక కుర్రాడు.
వేలు చెరిగిపోయినదాన్ని.
నేను నేనే అనడానికి మిగిలినవి ఆరు అంకెలు.

నిరుడు ఉగాదికి ముందు ఒక గొంతొచ్చింది.
"సామ్రాజ్యం గారూ, మేస్త్రీ గారి లెక్కల్లోంచండీ.
మీ బోనసు పదిహేనొందలు ఆగిపోయింది.
స్క్రీను మీద వచ్చినదాన్ని నొక్కి
మీ అంకెలు కొట్టండి, జమైపోతుంది."

నన్ను గారూ అని పిలిచిన మొదటి మనిషి
దొంగ.

కొట్టాను.
మూడువేల నాలుగొందలు.
వచ్చినవి కావు.

గుప్పెడు కాయలు అరచేతిలో పోస్తే
కళ్ళు మూసుకుని తాలుకాయ ఏరేస్తాను నేను.
పైకి బాగానే గలగలమంటుంది, బరువుండదు.
అంత తీపి గొంతులో బరువు లేదని
చెవికి తెలియలేదు.

ఎవరికీ చెప్పలేదు.
కళ్ళెర్రబడ్డాయేమే అంటే "కారం" అన్నాను.
ఈ షెడ్డులో ఏడవడానికి అదొక సుఖం,
రెండోసారి ఎవరూ అడగరు.

మొన్న బుధవారం నా పక్కన ఖాసింబీ ఫోను మోగింది.
భుజంతో చెవికి అదిమిపెట్టుకుని, తొడిమలు తుంచుతూనే
"ఆఁ సార్... ఎంతొస్తాయి సార్..." అంటోంది.
కొంగుకి చెయ్యి తుడుచుకుంది.
ఆ తుడుచుకోవడం చూశాను.
నేనూ అచ్చం అలాగే తుడుచుకున్నాను ఆరోజు.

లేచానో, దూకానో,
కారం చేత్తోనే దాని మణికట్టు పట్టుకుని
"కన్ను!" అని అరిచాను.
ఎందుకో నోటికి ఆ మాటే వచ్చింది.

డబ్బు రావడానికి అంకెలెందుకే?
మనింటికి బియ్యం బస్తా దించడానికొచ్చినవాడు
బీరువా తాళం అడుగుతాడా?
పోయేటప్పుడే కొట్టేది. వచ్చేది ఊరికే వస్తుంది,
శనివారం వచ్చినట్టు.

ఫోనులో గొంతు "మేడమ్, మేడమ్" అంటూనే ఉంది.
ఖాసింబీ దాంట్లోకి ఒక్క తుమ్ము తుమ్మింది.
కట్టయిపోయింది.

అప్పుడు చెప్పాను, మూడువేల నాలుగొందలని.
ఏడాది తర్వాత, మిరపరాశి వైపు చూస్తూ.
"నావి తొమ్మిదొందలు" అంది మూలనుంచి దీవెనమ్మ.
"నావెన్నో చెప్పను, మా ఆయన వింటాడు" అంది ఝాన్సీ.
ఆయన మాచర్లలో ఉంటాడు.
అదే గొంతు. అదే గారూ.
ఒకే పట్టా మీద పక్కపక్కనే కూచుని
ఒకరి కళ్ళు చూసి ఒకరం
కారమే అనుకున్నాం ఇన్నాళ్ళూ.

ఝాన్సీ కూతురొచ్చి గోడ మీద బొగ్గుతో రాసింది, 1930.
పోయిన వెంటనే చేస్తే దొరకొచ్చంట.
ఏడాదైతే? అన్నాను.
ఆ పిల్ల బొగ్గు చేతులు దులుపుకుంది.

సోమవారం కొత్త పిల్ల చేరింది, వల్లూరు నుంచి.
మొదటిరోజు చెప్పే మాటలు ఇప్పుడు రెండు.
రెండూ చెప్పి, మధ్యలో కూచోబెట్టుకున్నాం.
పదకొండు దాటాక దాని ఫోను మోగింది.
షెడ్డంతా తలెత్తింది. తుంచే చేతులు ఆగాయి.
వాళ్ళమ్మ. అన్నం తిన్నావా అని.

అందరం ఫోనే చూస్తున్నాం.
అది పక్కన పెట్టి
పిల్ల కన్ను నలుపుకుంది.